లోపల ఖాళీ అయిన గేర్‌బాక్సు

నిన్న శంషాబాద్‌లోని మా ఇంటి ముందు గదిలో మా మనుమరాలు ల్యాప్‌టాప్ ముందేసుకొని, విమానాశ్రయంలో సామాన్లు మోసే బెల్టు యంత్రం బొమ్మను మొత్తానికి మొత్తం రెప్పపాటులో తెరిచి, బొంగరంలా తిప్పుతుంటే, సంతోషం కలగాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

డ్రాయింగు బల్లలు పోయి కంప్యూటర్లు వచ్చిన కాలం మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాలేజీ గడప తొక్కనివాణ్ని, పాత పుస్తకాలతో కుస్తీ పట్టి కంప్యూటర్లో గీసే విద్య సొంతంగా నేర్చుకొని, తొండుపల్లిలో ఇలాంటి బెల్టులు డిజైన్ చేసే చిన్న ఆఫీసులో చేరాను. మా తోడల్లుడూ అక్కడే. ఒక్కొక్కరం ఒక్కో భాగం గీస్తే, అవన్నీ కలిసిన పెద్ద బొమ్మను అసెంబ్లీ అనేవాళ్లం. బయటికెళ్లి చాయ్ తాగి వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. ఇద్దరు ఒకేసారి మారిస్తే ఒకరి పని కొట్టుకుపోయేది కనుక, దాన్ని తెరిచినవాడి మానిటర్ మీద ఎర్ర తువ్వాలు వేసేవాళ్లం. అది దిగేదాకా మిగతావాళ్లు దాని జోలికి పోకూడదు.

తోడల్లుడి వంతుకు బెల్టును తిప్పే గేర్‌బాక్సు వచ్చింది. అసలుదాన్ని విప్పి, పన్ను పన్నునూ కొలిచి, బేరింగు గుండ్లతో సహా నెలల తరబడి గీశాడు. ఎంత అందంగా ఉండేదో. కానీ బెల్టు పొడవునా దాన్నే పెట్టేసరికి, అంత బరువు మా కంప్యూటర్లు మోయలేక, అసెంబ్లీ తెరుచుకోవడమే మానేసింది. మరునాడు కొనేవాళ్లు చూడడానికి వస్తున్నారు. చూపించలేకపోతే ఆ పని పోతుంది, దాంతోపాటు మా కొలువులూ. మంచి కంప్యూటర్లు కొనమంటే వినని మేనేజరు మమ్మల్ని మాత్రం కసురుకున్నాడు.

“లోపలిది తీసెయ్యన్నా. పైడబ్బా ఉంటే సాలు,” అన్నాను.

“గట్లెట్ల తమ్మీ? పేగులు దీసి పెండ్లికొడుకును తోల్కపోతరా?”

“పెండ్లిల కడుపు కోసి ఎవడు చూస్తడన్నా?”

ఆయన తానే చెయ్యి చాచి తువ్వాలు అడిగి, మానిటర్ మీద వేసుకొని, లోపల ఏమీ లేని డబ్బా ఒకటి గీసి అన్నిచోట్లా దాన్నే పెట్టాడు. అసెంబ్లీ తెరుచుకుంది. వచ్చినవాళ్లు తల ఊపారు, పని దక్కింది. లోపల ఏముందని ఒక్కరూ అడగలేదు.

అసలు బొమ్మను కంప్యూటర్లో పక్కన దాచుకున్నాం. కొన్నాళ్లకు మేనేజరు, చోటు చాలడం లేదని, మాటమాత్రమైనా చెప్పకుండా దాన్ని తుడిపించేశాడు. నేను లేచి గొడవపడ్డాను గానీ, తోడల్లుడు ఆ ఎర్ర తువ్వాలుతోనే మానిటర్ మీది దుమ్ము తుడుచుకొని పనిలో పడ్డాడు. ఆ తర్వాత ఆయన గీసినవన్నీ డబ్బాలే. ఆ కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు, కాకపోతే కోప్పడే ఓపిక తగ్గింది.

ఇప్పుడైతే డబ్బానూ, లోపలిదాన్నీ రెండూ ఉంచుకొని, ఏది కావాలంటే దాన్ని పిలుచుకోవచ్చట. కథంతా విన్న మనుమరాలు, “పెద్దతాత గీసింది ఉంటె ఇయ్యి తాతా, పెట్టి చూద్దం,” అంది.

ఎంత బరువైనా మోసే కంప్యూటరు మా ముందు గదిలోనే ఉంది. దాని మీద పెట్టడానికి ఆ గేర్‌బాక్సు లేదు, మళ్లీ గీయడానికి ఆ మనిషీ లేడు.