నీళ్లు తాగి బయల్దేరే కారు

మా కారు అస్సలు స్టార్ట్ కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చాలా రోజులు తాళం తిప్పగానే లేచేది. ఏదో ఒక రోజు మాత్రం, అదీ మేం ఎక్కడికో పోవాల్సిన వేళకి, ‘టక్’ మని ఒక్క చప్పుడు చేసి, ముందున్న చిన్న లైట్లన్నీ మసకేసుకుని ఊరుకునేది. పూర్తిగా చెడిపోయిన వస్తువు మీద నాకు కోపం రాదు. బాగు చేయించుకోవచ్చు, కాదంటే తీసి పారేయవచ్చు. ఇలా బుద్ధి పుట్టినప్పుడే పనిచేసే వస్తువంటే నాకు ఒళ్లు మంట.

మాది ధర్మవరం. నాయన పోయినప్పటి నుంచి ఇంట్లో అమ్మా నేనూ ఉంటున్నాం. నేను పెనుకొండలో టీచర్ని. రోజూ బస్సుల్లో నలిగి నలిగి, చివరికి హిందూపురంలో ఒకాయన అమ్ముతున్న పాత కారు కొన్నాను. అమ్మ పట్టుచీరల మగ్గాల దగ్గర పని చేస్తుంది. మగ్గం మీద చీరలు అయిపోవస్తున్నప్పుడు, పాత పడుగు చివరి పోగులకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలిపి, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టే పని. జుట్టు కంటే సన్నని పోగులవి. మా వీధిలో ఆ పనికి మొదట అమ్మనే పిలిచేవాళ్లు.

కారు ఇంటికి వచ్చిన రోజు అమ్మ దానికి మగ్గానికి పెట్టినట్టే బొట్లు పెట్టింది. స్టీరింగుకి, చక్రాలకి, బానెట్ ఎత్తించి లోపల కనిపించిన ప్రతిదానికి పసుపూ కుంకుమా. ఇందులో ప్రాణం లాంటిది ఏదని అడిగితే నేను తెలిసినదానిలా బ్యాటరీని చూపించాను. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకీ కారు ముందు టెంకాయ కొట్టి, ఆ నీళ్లలో కొన్ని చక్రాల మీద చల్లి, మిగతావి బ్యాటరీ పక్కన పోసేది. కడుపు చల్లగా ఉండాలని ఆమె లెక్క.

ఇక స్టార్ట్ కాని రోజు చేయాల్సినదానికీ అమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. బయల్దేరినప్పుడు ఏదైనా అడ్డం వస్తే మా ఇళ్లల్లో అందరూ చేసేదే. వెనక్కి పోయి, ఇంట్లో కాసేపు కూర్చుని, ఇన్ని నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. కారు ‘టక్’ మనగానే అమ్మ దిగి తలుపేసేది. నన్నూ దిగమనేది. ఇద్దరం లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చి, మళ్లీ ఎక్కి తలుపులేసుకుని తాళం తిప్పితే కారు లేచేది. ప్రతిసారీ లేచేది. అమ్మ నావైపు ఒక చూపు చూసి చీర సర్దుకునేది. ఆ చూపు నాకు స్టార్ట్ కాకపోవడం కంటే కష్టంగా ఉండేది.

తెలిసినవాళ్లందరూ తలా ఒక మందు చెప్పారు. మా హెడ్మాస్టరు పెట్రోల్లో నీళ్లున్నాయన్నాడు. ఎదురింటాయన తాళం అరిగిపోయిందన్నాడు. బ్యాటరీ మార్చమన్నారు, మార్చాను. మార్చాక కొన్నాళ్లు బుద్ధిగా ఉండి మళ్లీ మొదటికొచ్చింది. స్టార్టర్ విప్పించి బాగు చేయించాను, అప్పుడూ అంతే. పెనుకొండలో మా బడి దగ్గర షెడ్డున్న మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే, ఆయన తాళం తిప్పిన ప్రతిసారీ కారు అమాయకంగా లేచి నిలబడేది. ఆయన నన్ను జాలిగా చూసేవాడు.

ఇదంతా నవ్వుకునే సంగతిగానే ఉండేది, అమ్మ కళ్లు మసకబారకపోతే.

మొదట పోగులు రెండుగా కనిపిస్తున్నాయంది. తర్వాత ఎరుపుకీ మెరూన్‌కీ తేడా తెలియడం లేదంది. పనికి పిలవడం తగ్గింది. పిలిచినా, అమ్మ కలిపిన చోట పోగులు ఊడిపోతున్నాయని మగ్గం మనిషి ఆమె ముందే ఇంకొకామెకి చెప్పాడట. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. హిందూపురంలో కంటి ఆసుపత్రికి తీసుకుపోతే, పొర బాగా ముదిరింది, వెంటనే ఆపరేషన్ చేయించండి అన్నారు. రోజు కూడా ఇచ్చారు.

ఆ రోజు పొద్దున్నే కారు ‘టక్’ మంది. లోపలికి పోయాం, నీళ్లు తాగాం, వచ్చాం, కారు లేచింది. అమ్మ మాత్రం ఎక్కలేదు.

“ఇది మామూలు పయనం గాదు పాపా. కంటి పని. వద్దంటాండాది, ఇంగొకనాడు పోదాం,” అంది.

బస్సులో పోదామన్నాను, రైలు ఉందన్నాను. కారే వద్దన్నాక రైలు ఒప్పుకుంటుందా అని నన్నే అడిగింది. మళ్లీ ఇంకో రోజు తీసుకున్నాం. నా ఖర్మ కొద్దీ ఆ రోజూ అదే జరిగింది. ఫోన్ చేసి చెబితే డాక్టరమ్మ విసుక్కుంది. ఇంకా ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుందని, చూపు మునుపటిలా వస్తుందని తను మాటివ్వలేనని అంది. నేను వాకిట్లోకి వచ్చి కారు చక్రాన్ని చెప్పుకాలితో తన్నాను. దానికేమీ కాలేదు, నా వేలు వాచింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం బడి వదిలాక ఆవరణలోనే కారు మొరాయించింది. జీవితంలో మొదటిసారి అది ఆగిపోయినందుకు సంతోషించాను. ఏదీ ముట్టుకోకుండా, ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంటూ అలాగే కూర్చుని మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఆయన వచ్చి కిటికీలోంచి తాళం తిప్పి చూశాడు. ‘టక్’. ఇట్లా అయినప్పుడు మామూలుగా ఏం చేస్తారని అడిగాడు. ఇంట్లోకి పోయి నీళ్లు తాగుతామని చెప్పడానికి నాకు సిగ్గేసింది, అయినా చెప్పాను. ఆయన నవ్వలేదు.

“నీళ్లు వద్దులే మేడం. దిగి, తలుపు మీరు ఎప్పుడూ ఏసేటట్లే ఏయండి,” అన్నాడు.

దిగి తలుపేశాను. మళ్లీ ఎక్కి ఇంకోసారి వేశాను. తాళం తిప్పితే కారు లేచింది.

అప్పుడాయన బానెట్ ఎత్తి, బ్యాటరీ నుంచి కారు బాడీకి పోయే ఎర్త్ వైరుని వేలితో వెతుక్కుంటూ పోయాడు. అది బిగించిన బోల్టు దగ్గర పసుపూ కుంకుమా గట్టిపడి, వాటి కింద పచ్చగా, తెల్లగా చిలుము పేరుకుపోయి ఉంది. టెంకాయ నీళ్లు పోస్తారా అని అడిగాడు. ప్రతి అమావాస్యకీ అన్నాను. ఆ చోట పట్టు తప్పినప్పుడు కరెంటు పారదు, తలుపులు దబదబా వేసిన అదురుకి ఒక్కోసారి పట్టు దొరుకుతుందని చెప్పి, అంతా గీకి, వైరు మార్చి, కొత్త బోల్టు బిగించాడు. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

దారి పొడుగునా నాకు గెలిచినట్టు అనిపించింది. అమ్మకి ఎలా చెప్పాలో మాటలు పేర్చుకుంటూ వచ్చాను. తీరా చెప్పేసరికి ఆ సంతోషం నిలవలేదు. అమ్మ కారు దగ్గరికి పోయి, బానెట్ ఎత్తించి, సరిగా కనిపించక ఆ కొత్త బోల్టుని వేళ్లతో తడిమింది. తను పోసిన నీళ్ల వల్లనేనా అని అడిగింది. అవునన్నాను. చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి పోయింది. అడ్డమంతా తొలగింది కదా, ఇక ఆపరేషన్‌కి మాట్లాడుతున్నానంటే, నీ ఇష్టమంది.

ఆపరేషన్ రోజు పొద్దున అమ్మ తెల్లవారకముందే స్నానం చేసి తయారైంది. కారెక్కింది. నేను తాళం తిప్పాను. మొదటిసారికే, ఏ అనుమానమూ లేకుండా లేచింది. ఎప్పుడూ అమ్మ చూసే ఆ చూపు ఈసారి నేను చూడాల్సిన వంతు. అమ్మ వైపు తిరిగాను. ఆమె రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని ముందుకే చూస్తోంది.

“ఒకసారి ఆపు పాపా,” అంది.

ఆపాను. దిగి ఇంట్లోకి పోయింది. నాకు కోపం తలకెక్కింది. కారు బాగానే ఉందిగా, ఇంకేం అడ్డమొచ్చిందని అరవడానికే వెనకాల పోయాను. అమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. నీళ్లు చీర మీద ఒలికి ఉన్నాయి.

“బండి ఆగినబ్బుడంతా నాకు శానా నిమ్మళంగా ఉండె. ఈ పొద్దు అదీ ఆగకపాయ,” అంది. చీర మీది తడిని కొంగుతో అద్దుకుంటూ, “కన్ను కోస్తారంటే భయమైతాండాది పాపా. ఉన్న ఈ మసకా పోతే నేను ఏం జేసేది?” అంది.

ఇన్నాళ్లూ బ్యాటరీ అన్నాను, స్టార్టర్ అన్నాను, అందరినీ అడిగాను. అమ్మని ఒక్క మాట అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని, నాకూ భయంగానే ఉందని చెప్పాను. అది నిజమే. అమ్మ గ్లాసులో మిగిలిన నీళ్లు నాకిచ్చింది. తాగాను. బయట కారు ఎండలో నిలబడి ఉంది.

“పా, పోదాం,” అని అమ్మే ముందు లేచింది.

కారెక్కి, ఎప్పటిలాగే తలుపు దబ్బున వేసింది. ఇక అంత గట్టిగా వేయాల్సిన పని లేదని నేను చెప్పలేదు. నా తలుపూ అంతే గట్టిగా వేసి తాళం తిప్పాను.