సముద్రం వైపు సరుగుడు

అరవైల మొదట్లో నేను కృష్ణపట్నానికి దక్షిణాన, ఇసుకదిబ్బల మీది సర్కారు సరుగుడు తోటలకు ఫారెస్టరుగా ఉండేవాణ్ణి. మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే ఇల్లు. గాలివల్ల నేనెరిగిన నష్టం పైరు పడిపోవడం ఒక్కటే. పడిన పైరు కొంతైనా చేతికొస్తుంది, మరుసటి కారుకు మళ్ళీ నాటుకోవచ్చు. అడవి కూడా అంతే అనుకున్నాను.

తోటను ఏడు భాగాలు చేసి, ఏడాదికొక భాగం కొట్టి, కొట్టినచోట ఆ వానల్లోనే మొక్కలు నాటాలని పటం గీశాను. ఏడోది కొట్టేసరికి మొదటిది మళ్ళీ కోతకొస్తుంది, తోట ఎప్పటికీ తరగదు. రంగు పెన్సిళ్ళతో దిద్దిన ఆ పటం చూసుకుని మురిసిపోయాను కూడా. ఒకటో నంబరు సముద్రం వైపు వరసకు వేశాను. అక్కడి చెట్లు ఉప్పుగాలికి గిడసబారి, వంకర్లు తిరిగి, ఎదుగూబొదుగూ లేకుండా ఉండేవి. పనికిరానివి ముందు పోవాలన్నది నా ఆలోచన.

ఆ వరస వెనకే చేపలు పట్టుకునేవాళ్ళ పాలెం. పాలెం పక్కన దొరువు. ఇసుకలో తవ్వుకున్న ఆ గుంటలోని నీళ్ళే ఊరందరికీ తాగడానికి ఆధారం. సముద్రం వైపు చెట్టు మీద కత్తి పడకూడదని అక్కడ దురాయి ఉండేది. దురాయి అంటే ఊరంతా కూర్చుని వేసుకున్న కట్టు. తప్పినవాడి పడవ నెల రోజులు ఒడ్డునే ఉండాలి. పెళ్ళిపందిరి గుంజకు కూడా ఎవరూ ఆ వరసలో చెయ్యి పెట్టేవారు కాదు. నేను దాన్ని మూఢనమ్మకాల్లో కలిపేశాను.

పాలెం పెద్ద వచ్చి పటాన్ని తీరిగ్గా చూశాడు.

“అయ్యా, గాలివాన వచ్చే సంవత్సరం ఇందులో ఏ నంబరు?” అన్నాడు.

“అది ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?” అన్నాను.

“మాకూ తెల్దు. అందుకే ఆ వరస ముట్టుకోం. ఇంకేడన్నా కొట్టుకోండి, మేమే వచ్చి కొట్టిపెడతాం.”

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. పాలెంవాళ్ళు ఆ వరసలో గొడ్డలి పట్టేది లేదంటే, పైఊళ్ళ నుంచి కూలీలను పిలిపించి కొట్టించాను. వానలకు మొక్కలు నాటించాను. అవి చక్కగా నాటుకున్నాయి.

మరుసటి ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. అప్పటికి మొక్కలు నడుమెత్తున్నాయి. దారులు తెగి, నేను మూడోరోజుకు గానీ అక్కడికి చేరలేకపోయాను. మొక్కల ఆనవాలు లేదు, అంతా ఇసుకే. వెనక భాగాల్లో ఏనాడూ ఎదురుగాలి ఎరగని నిటారు చెట్లు సగానికి విరిగి ఉన్నాయి. పాలెంలో ప్రాణనష్టం లేదు గానీ ఇళ్ళకు కప్పుల్లేవు. దొరువు సగం ఇసుకతో పూడిపోయింది, మిగతా సగంలో సముద్రపు నీళ్ళు చేరాయి.

ఎండలో నడిచి వచ్చానని పాలెం పెద్దాయన భార్య నీళ్ళచెంబు అందించింది. ఒక గుక్క తాగి ఆగిపోయాను.

“తాగయ్యా, మేమూ అవే తాగతుండాం,” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నాకు సిగ్గేసింది. చెంబు ఖాళీ చేసి ఇచ్చాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ నెలలోనే కొత్త పటం గీశాను. సముద్రం వైపు వరసకు నంబరు వేయలేదు. గాలివానకు చెట్లు విరిగిపోయే ఏడాదికి ఆసరాగా ఉంటుందని లోపల ఇంకో భాగాన్ని కూడా కోతకు పెట్టకుండా వదిలాను. పై అధికారి విసుక్కుంటూనే సంతకం చేశాడు. దాన్ని పట్టుకెళ్ళి పాలెం పెద్దకు చూపించాను. బాగుందన్నాడు.

“తప్పు చేసింది నేను. నాకూ దురాయి వేయండి,” అన్నాను. నిజంగానే అడిగాను.

ఆయన పటం చుట్టి నా చేతికిచ్చాడు.

“దురాయి ఈడ బతికేవోళ్ళకయ్యా. మీరు బదిలీ అయి పోతారు గదా,” అన్నాడు.

ఏడాదిన్నరకు బదిలీ అయింది. నేను బస్సెక్కేనాటికి ఆ పాలెం ఆడవాళ్ళు ఇంకా రెండు మైళ్ళు నడిచి మంచినీళ్ళు తెచ్చుకుంటున్నారు.