చెంచులక్ష్మక్క సోమవారం

ఆత్మకూరులో మేం పనిచేసే టిఫిన్ హోటల్ ఇవాళ బూడిదకుప్ప కాకుండా నిలబడి ఉందంటే అది చెంచులక్ష్మక్క చలవ. ఈ మాట బస్టాండు మధ్యలో నిలబడి చెప్పమన్నా చెబుతాను. చెప్పాల్సిన మనిషి చెప్పడం లేదు, అదే నా మంట.

అక్కది వరికుంటపాడు పక్క పల్లె. మొగుడు పోయాక ఆత్మకూరు వచ్చి, పన్నెండేళ్ళుగా ఈ హోటల్లో పొయ్యి దగ్గరే ఉంది. నేను సుధారాణిని, అదే వంటింట్లో పిండి రుబ్బి పచ్చళ్ళు చేస్తాను. మాది గ్యాసు కాదు. ఇటుకలతో కట్టిన కట్టెల పొయ్యి. దాని వెనక నుంచి తాటాకు కప్పు దాటి పైకి పోయే రేకు పొగగొట్టం. కట్టెల మీద కాల్చిన దోసె అంటే జనానికి మోజు. ఆ మోజు వెనక ఎంత మసి ఉంటుందో తినేవాళ్ళకేం తెలుసు!

ప్రతి ఆదివారం సాయంత్రం అక్క నిప్పులన్నీ లాగేసి పొయ్యిని ఆరబెట్టేది. సోమవారం పొద్దున గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూసేది. చల్లగా ఉంటేనే పని మొదలు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, చిల్లకంప ముళ్ళను మోపుగా తాడుకు బిగించి, పైన తనూ కింద నేనూ గొట్టంలో అటూ ఇటూ లాగేవాళ్ళం. మసి పెచ్చులు పెచ్చులుగా రాలేది. బూడిద ఎత్తేది ఇనప బక్కెట్లోకే. నీళ్ళు చల్లి ఒక రోజంతా బయట పెట్టాకే దిబ్బలో పోయనిచ్చేది. చివరికి పొయ్యి అలికి, బొట్టు పెట్టేది. ఆ పూట మాకు టిఫిన్ అమ్మకం ఉండేది కాదు.

పాత యజమాని ఉన్నన్నాళ్ళూ దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయన పోయాక కొడుకు మల్లికార్జున గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. కూర్చున్న మూడో నెలకే ఒక వాస్తు ఆయన్ని పట్టుకొచ్చాడు. ఆ మహానుభావుడు వంటిల్లంతా తిరిగి, మా దోసెలు నాలుగు లాగించి, నలభై రోజులు పొయ్యి ఆరకూడదనీ, ఆరితే లక్ష్మి గడప దాటిపోతుందనీ సెలవిచ్చాడు.

"ఆర్పకుండా గొట్టం ఎట్లా దులిపేది నాయనా?" అని అడిగింది అక్క.

"నలభై రోజులు దులపకపోతే కొంప మునుగుద్దా?" అన్నాడు మల్లికార్జున. "అనుమసముద్రంపేట దర్గా గంధానికి జనం వస్తా ఉండారు. గిరాకీ ఉన్నప్పుడు పొయ్యి ఆర్పుతానంటావేంది?"

"మునగదు. కాలుద్ది."

"అశుభం పలకబాక!" అని కసిరాడు.

అశుభమట! పన్నెండేళ్ళు పొగలో కళ్ళు మండించుకున్న మనిషి మాట అశుభం, ఒక్కనాడు పొయ్యి ఊదని వాడి మాట శాస్త్రం. పైగా ఎండు కట్టెలు చాలడం లేదని పచ్చివి దింపించాడు. పచ్చికట్టె పొగకు గొట్టంలో జిగురుమసి పట్టిపోతుందని అక్క మొత్తుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఐదో వారం, మంచి గిరాకీ వేళ, గొట్టంలో హోరుమని చప్పుడు లేచింది. రేకు ఎర్రబడింది. పైనుంచి నిప్పురవ్వలు తాటాకు మీద రాలుతున్నాయి. మల్లికార్జున నీళ్ళ బక్కెట్ ఎత్తి పొయ్యిలో కుమ్మరించబోయాడు.

"పొయ్యబాకరా! ఆవిరి మొహాన కొడతాది!" అని అక్క వాడి చెయ్యి పట్టుకుంది.

జనాన్ని బయటికి తరిమింది. నా చేత కప్పు మీద నీళ్ళు కొట్టించింది. కట్టెలు పటకారుతో లాగి ఇసుకలో పూడ్చి, తడి గోనెసంచులతో పొయ్యి నోళ్ళు మూసి, గాలి ఆడకుండా చేసింది. హోరు మెల్లగా అణిగింది. అక్క కుడిచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది.

మర్నాడు వాడు టీ తాగే ప్రతివాడికీ ఏం చెప్పాడో తెలుసా? "ఆడమనిషి అజాగ్రత్తన్నా. బూడిద సరిగా ఎత్తలా." నోరా అది! ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా పెళ్ళి వంటలకు పిలిచేది అక్కనే. కొంప తగలబెట్టిన మనిషని పేరు పడితే ఇక ఆమెను ఏ పొయ్యి దగ్గరికి రానిస్తారు? సాయంత్రానికే ఒక పెళ్ళివాళ్ళు వచ్చి, ఈసారికి వేరేవాళ్ళను అనుకున్నామని చెప్పిపోయారు.

అక్క ఏడవలేదు. ఆ మరుసటి పొద్దున కట్టు కట్టిన చేత్తో ముళ్ళమోపు తెచ్చి, జనం చూస్తుండగా తాడు మల్లికార్జున చేతికిచ్చింది.

"పొయ్యి చల్లగా ఉండాది. నువ్వే లాగు. తప్పు ఎవరిదో అందరూ చూస్తారు."

అంతమందిలో కాదనలేక లాగాడు. కాలినంత కాలగా మిగిలిన మసే రెండు గంపలు రాలింది, సగం వాడి తెల్లచొక్కా మీదే. ఎవరూ నవ్వలేదు. వాడు చొక్కా దులుపుకుంటూ లోపలికి పోయాడు. ఒక్క ముక్క, 'తప్పు నాదక్కా' అని, రాలేదు ఆ నోట్లోంచి.

ఆ ఆదివారం హోటల్ ముందు పలక వేలాడింది: 'సోమవారం ఉదయం సెలవు.' ఎందుకని ఒకాయన అడిగితే, "వాస్తు" అన్నాడు మల్లికార్జున.

నాకు ఒళ్ళు మండిపోయింది. సుద్దముక్క తీసుకుపోయి, వాడు చూస్తుండగానే దాని కింద రాశాను: 'చెంచులక్ష్మమ్మ పొగగొట్టం దులిపే రోజు. ఆమె మాట వినకే మొన్న అంటుకున్నది.' తుడిపితే అప్పుడు చూద్దామని అక్కడే నిలబడ్డాను. వాడు తలొంచుకుని చిల్లర సర్దుకున్నాడు.

చదువు రాని అక్క బయటికొచ్చి, "ఏం రాసినావే?" అంది. చదివి వినిపించాను.

"నా పేరు ఇంకా పెద్దగా రాయి," అంది. "బస్సులో పొయ్యేవాళ్ళకి కనపడాల."