మిద్దె మీది మన్ను

పాఠం చెప్పడంలో నాకు గర్వం ఎక్కువ. వంట సంగతి అడక్కండి, మనుషులతో కలిసిపోవడం సంగతి అసలే అడక్కండి. పెళ్లి ఎందుకు చేసుకోలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పడం పదేళ్ల కిందే మానేశాను. అడిగేవాళ్లూ మానేశారు. సోషల్ టీచరుగా లింగాలలో నాలుగేళ్లు, నాగర్‌కర్నూల్ దగ్గర ఆరేళ్లు, వనపర్తిలో తొమ్మిదేళ్లు పనిచేసి, చివరికి మల్దకల్ వైపు ఒక ఊరి హైస్కూల్లో వచ్చి పడ్డాను. ఎక్కడికి పోయినా స్లాబు వేసిన గది ఒకటి, గ్యాసు పొయ్యి ఒకటి, పుస్తకాల పెట్టెలు రెండు. బదిలీ ఆర్డరు పొద్దున వస్తే సాయంత్రానికి సామాను సర్దేయగలను. నీకేం, హాయిగా ఉన్నావు అని తోటి టీచర్లు అనేవారు. అవునవునని తల ఊపేదాన్ని.

ఆ ఊరికి వచ్చిన మొదటి చలికాలంలో ఒక పొద్దున భూమి కదిలింది. నేను టీ వడగడుతున్నాను. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి, కాళ్ల కింద ఏదో జరిగినట్టయింది, అంతే. ఇరవై ఏళ్లుగా భూకంపాల పాఠం చెబుతున్నదాన్ని, బల్ల కిందికి దూరాలో బయటికి ఉరకాలో ఆ నిమిషాన ఒక్క ముక్క గుర్తు రాలేదు. చూసుకుంటే చేతిలో టీ జల్లెడతో వీధిలో నిలబడి ఉన్నాను. ఇళ్ల ముందర గుంపులు గుంపులుగా జనం. ఎవరి పిల్లల్ని వాళ్లు దగ్గరికి లాక్కుంటున్నారు, ముసలివాళ్లను చెయ్యి పట్టి అరుగుల మీంచి దించుతున్నారు. నన్ను వెతుక్కునే మనిషి ఆ వీధిలో లేరని అప్పుడు తెలిసింది. తెలియడమేమిటి, ఎప్పుడూ తెలిసిందే. కానీ ఆ పొద్దున దాన్ని నడివీధిలో నిలబడి చూశాను.

ఎదురింటామె కేకేసింది. "టీచరమ్మా, ఒక్కదానివే ఆడ నిలవడ్డవేంది? ఈడికి రా." నేను కదలకపోతే తనే వచ్చి చెయ్యి పట్టుకుని తన బిడ్డ పక్కన నిలబెట్టింది. భూమి మళ్లీ కదల్లేదు. ఎవరిళ్లలోకి వాళ్లు పోయారు. ఆమె మాత్రం ఆ సాయంత్రం బిడ్డ చేత రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పంపింది.

ఆమె కూలికి పోయే మనిషి. భర్త పుణెలో భవనాల పనికి పోయాడు, పండుగకో పబ్బానికో వస్తాడు. "ఆడికే రమ్మంటడు. బిడ్డది పదో తరగతి ఎల్లేదాంక ఈ ఇల్లు ఇడ్వ అని చెప్పిన" అనేది. బిడ్డ అప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి. రొట్టెలు రోజూ రావడం మొదలైంది. పిల్ల గిన్నె పెట్టి వెంటనే పోయేది కాదు. నా పుస్తకాలు తిరగేస్తూ, ప్రశ్నలు వేస్తూ గంటసేపు కూర్చునేది. సాయంత్రం అయిదున్నర దాటిందంటే నా చెవి తలుపు దగ్గరే ఉండేది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

వాళ్లది మట్టి మిద్దె. మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడల మీద దూలాలు, వాటి మీద కట్టెలు, ఆ పైన మన్ను. ఏటా వానలకు ముందు ఊరి బయటి నుంచి సౌడు మన్ను గంపలకెత్తి తెచ్చి మిద్దె మీద పరుస్తారు. పాతది తీయరు, దాని మీదే కొత్తది. ఆ జూన్‌లో ఆమె గంప మీద గంప మోస్తుంటే నా కిటికీలోంచి చూశాను. నా టీచరు బుర్ర ఊరుకుంటుందా? బంగారంలాంటి ఉదాహరణ దొరికిందని సంబరపడ్డాను.

బడి తెరిచాక తొమ్మిదో తరగతిలో భూకంపాల పాఠం వచ్చింది. బల్ల మీద నాలుగేసి చాక్‌పీసులు నిలబెట్టి రెండు ఇళ్లు కట్టాను. ఒకదాని మీద అట్టముక్క, ఇంకోదాని మీద ఇటుక. బల్లను ఊపాను. ఇటుక ఇల్లు కూలింది, అట్ట ఇల్లు నిలిచింది. పిల్లలు ఓహో అన్నారు. "చూశారా? మీ నెత్తి మీద మీరే ఏటేటా బరువు పెంచుకుంటున్నారు" అన్నాను.

ఎదురింటి పిల్ల లేచి నిలబడింది. "టీచర్, మా మిద్దె మీద మూరెడు మన్నుంది. గా మన్ను తీసేస్తే మంచిదా?"

"తీసేస్తే మంచిదే" అన్నాను. గంట కొట్టారు. పాఠాన్ని ఇంటికి అన్వయించుకున్న పిల్ల అని స్టాఫ్‌రూములో చెప్పుకున్నాను కూడా.

ఆ ఆదివారం తల్లి పత్తిచేనులో కలుపు తీయడానికి పోయింది. నేను గదిలో నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. పార చప్పుడు విని కిటికీలోంచి చూస్తే, పిల్లా దాని స్నేహితురాళ్లిద్దరూ మిద్దె మీద మన్ను గీకి సందులోకి పారబోస్తున్నారు. ముఖాలన్నీ తెల్లటి దుమ్ము. నన్ను చూసి చెయ్యి ఊపింది. "జారి పడతారు, జాగ్రత్త" అని అరిచి మళ్లీ పుస్తకాల్లో పడ్డాను. ఆపి ఉండవచ్చు. ఆపాలని తోచలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉంది.

ఆ సాయంత్రం రొట్టె రాలేదు. నేనే వాళ్లింటికి పోయాను. తల్లి అరుగు మీద కూర్చుని ఉంది, పిల్ల లోపల ఏడుస్తోంది.

"సౌడు మన్నంటే ఏందనుకున్నవ్ టీచరమ్మా?" అంది ఆమె. "నీళ్లు కిందికి దిగనియ్యదు గది. గందుకే ఏటేటా ఏస్తం. గా మన్ను లేకుంటే మిద్దె జల్లెడే. గింత సదివినవ్, గంత తెల్వదా?"

తెలియదు. ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాల్లో తిరుగుతున్నాను, ఒక్కరి మిద్దె కూడా ఎక్కలేదు. ఎక్కేంత చనువు ఎవరింట్లోనూ సంపాదించుకోలేదు. ఈ నేల మీద భూమి ఎప్పుడో ఒకసారి కదులుతుంది, వాన మాత్రం ఏటా వస్తుంది. ఆ చిన్న లెక్క నాకు తట్టలేదు.

సందులో పడ్డ మన్ను అప్పటికే చెత్తలోనూ మురుగులోనూ కలిసిపోయింది. కొత్తది తేవాలి. తెల్లారి ఆమెతో పాటు నేనూ గంప పట్టాను. పది గంపలకే నడుం పట్టేసింది. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు, నా గంప తీసుకుని తన గంపలో వంపుకుంది. సగం మిద్దె కూడా నిండకముందే ముసురు పట్టింది. నాలుగు రోజులు సన్నగా, తెరిపి లేకుండా కురిసింది. వాళ్లింట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీదికి వచ్చాయి. నా గదికి వచ్చేయమన్నాను. బిడ్డను పంపింది, తను జొన్నల సంచుల దగ్గరే ఉండిపోయింది. అయిదో రోజు మధ్యాహ్నం, ఆమె చేనుకూ పిల్ల బడికీ పోయినప్పుడు, నానిన వెనకగోడ లోపలికి కూలింది. దూలం ఒకటి ఆమె పడుకునే చోటే పడింది.

ఎవరికీ ఏం కాలేదు కదా, అదే పదివేలని ఊరంతా అంది. నేనూ కొన్నాళ్లు ఆ మాటే పట్టుకు వేలాడాను.

ఆమె పుణె పోవడానికి నిశ్చయించుకుంది. మళ్లీ మిద్దె లేపే తాకత్ ఇప్పుడు లేదంది. పిల్లనూ తీసుకుపోతుందట. అక్కడ భవనాలు ఎక్కడ లేస్తే అక్కడికి మకాం. ఇక బడి ఏముంటుంది? వాళ్లు సామాను మూటలు కడుతుంటే పోయి అడిగాను. "పిల్లను నా దగ్గర ఉంచి పో. పదో తరగతి దాకా నేను చూసుకుంటాను. తిండీ బట్టా అన్నీ నావే."

పిల్ల మూట కట్టడం ఆపి తల్లి వంక చూసింది. తల్లి నా వంక చూసింది.

"గద్వాలల ఆడపిల్లల హాస్టలున్నది గద. గాడ ఏస్తనని ఎందుకనలె నువ్వు?"

అయిదు రోజులుగా పిల్ల చదువు గురించే ఆలోచిస్తున్నాననుకున్నాను. హాస్టలన్న మాట ఒక్కసారి కూడా నా మనసులోకి రాలేదు. నా గదిలో రెండో మంచం ఎక్కడ వేయాలో మాత్రం ఆలోచించి పెట్టుకున్నాను.

"అది సదువాల్నని అడుగుతున్నవా, నీ పక్కన ఉండాల్నని అడుగుతున్నవా?"

"చదువు కోసమే" అన్నాను. మరీ తొందరగా అన్నాను.

ఆమె మూట ముడి బిగించింది. "నువ్వు చెడ్డదానివి కాదు టీచరమ్మా. మన్ను పోయింది, మల్ల ఏస్కుంట. గని బిడ్డను ఇయ్య." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు జర తేలికయ్యేది.

మర్నాడు గద్వాలలో రైలెక్కారు. స్టేషనుకు పోలేదు, క్లాసుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పది రోజులకు ఆ హాస్టలుకు పోయాను. అంతకు ముందే పోయి ఉండవచ్చు, పోలేదు. వార్డెన్ రిజిస్టరు తిరగేసి, తొమ్మిదిలో ఒక సీటు ఉంది, పిల్ల ఎప్పుడొస్తుందని అడిగింది. అక్కడి నుంచే తల్లికి ఫోన్ చేశాను.

"ఇప్పుడెట్ల టీచరమ్మా?" అంది ఆమె. "పని వట్టినం. మేస్త్రీ ఇడ్వడు. దీన్ని తెచ్చి దించెటోళ్లు ఎవరు?"

"నేనొచ్చి తీసుకుపోతా."

అవతల ఇసుక జల్లెడ పడుతున్న చప్పుడు. తర్వాత పిల్ల గొంతు వినిపించింది. "నేను రాను టీచర్. అమ్మ ఈడ ఒక్కతే అయితది. నాయిన పొద్దుగాల పోతే మాపటికొస్తడు." మళ్లీ తనే అంది, "మీరు పరేషాన్ కాకుండ్రి. మాది రేకుల షెడ్డు. మీద బరువు లేదు."

ఎవరో పిలిస్తే వస్తున్నానని అరిచి ఫోన్ పెట్టేసింది. వార్డెన్ పెన్ను పట్టుకుని ఎదురు చూస్తోంది. రాదని చెప్పాను. పేరు రాయాల్సిన గడిని అలాగే వదిలి, రిజిస్టరు మూసి, మీరు ఒక్కరే వచ్చారా మేడం, టీ తాగుతారా అని అడిగింది. ఒక్కదాన్నే అన్నాను.