ఇసుక తీసిన రోజు

యాంగోన్‌లో కరెంటు ఎప్పుడుంటుందో చెప్పలేం. అందుకే మా ఆయన పెరట్లో కట్టెలతో పిజ్జా కాల్చే ఇటుకల పొయ్యి కట్టారు. అంతకుముందు ఆయన ఇటుక పట్టింది లేదు. తడి ఇసుకను గుమ్మటంలా పోసి, దాని మీద ఇటుకలు పేర్చి మట్టితో అతికించారు. ఆరాక ఇసుక తోడేయాలి. ఆరేలోపే ఆయన గుండెపోటుతో పోయారు.

నెలలు గడిచినా నేను ఇసుక ముట్టుకోలేదు. తీస్తే గుమ్మటం కూలి, ఆయన చివరి పని కూడా పోతుందని భయం.

ఒకరోజు నది అవతలి తన్లిన్ నుంచి నా ఆడపడుచు మేరీ వచ్చింది.

"ఏటొదినా, మా అన్న ఇసక్కి ఇల్లు కట్టాడా?"

"ఉండనీ మేరీ. తీస్తే కూలిపోద్ది."

"కూల్తే నా నెత్తి మీదే కదా."

పొయ్యి నోట్లోంచి గిన్నెతో ఇసుక తోడుతూ, చెయ్యి అందని చోటికి తలా భుజాలూ లోపలికి దూర్చింది. ఉన్నట్టుండి లోపల ఏదో జారిన చప్పుడు. నేను ఆమె కాళ్లు పట్టుకుని లాగాను.

"వదలొదినా, ఇసకే" అని లోపల్నుంచి నవ్వింది.

బయటికొచ్చాక నా చేతికి టార్చి ఇచ్చి, "నువ్వూ సూడు" అంది.

తల లోపల పెట్టి చూశాను. ఇటుకలు వరసలు తీరి, ఒకదానినొకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి. కట్టినన్నాళ్లూ ఇసుక అడ్డుండటంతో ఆ లోపలి వైపు ఆయన చూడనేలేదు. తన పని అంత బాగా కుదిరిందని ఆయనకు తెలియదు. మేరీకి మాత్రం చూడకముందే తెలుసు.

ఆ సాయంత్రం కాల్చిన మొదటి పిజ్జా అంచులు మాడాయి. ఇద్దరం మొత్తం తినేశాం.