మెడ తెగిన హంసలు

మహానంది మా షాపులో గేట్లకు డిజైన్లు చేస్తాడు. గండికోట దారిలో కొత్తగా లేస్తున్న రిసార్టుల వాళ్లయినా, కడప నుంచి వచ్చే ఇళ్లవాళ్లయినా అడిగేది ఆయన్నే. షాపు ఓనర్ని నేనన్న సంగతి ఎవడికీ పట్టదు. ఆయనతో పని చేయించుకునేసరికి నాకు తల ప్రాణం తోకకొస్తుంది. ఒక్క పువ్వు బొమ్మకు పూటంతా కూర్చుంటాడు మరి.

ఆ ఓపిక మగ్గాల దగ్గర అబ్బింది. జమ్మలమడుగులో వీధి వీధంతా మగ్గాలు ఆడిన రోజుల్లో పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టేవాడు. చిల్లు ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు, బొమ్మ అలా పడుతుంది. పొద్దున్నే వీధిలోకి వస్తే, చప్పుడును బట్టి ఎవరింట్లో మగ్గం ఆగిందో చెప్పేవాడట. ఇప్పుడా వీధిలో స్కూటర్ల హారన్లు తప్ప ఏమీ వినపడవని నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ఇనుపరేకును మంటతో కోసే మా ప్లాస్మా మిషనుకూ దాదాపు అదే పని. బొమ్మను కంప్యూటర్లో గీతలుగా మార్చాలి. గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి. మంట ఎంత మందం తినేస్తుందో అంత వదలాలి. లోపలి ముక్కలు ఊడిపోకుండా ఎక్కడో ఒకచోట రేకును కోయకుండా పట్టు ఉంచాలి. మొదట్లో మహానందికి ఈ చివరిదే తలకెక్కలేదు. గుడ్డలో బొమ్మను చుట్టూ ఉన్న పోగులు పట్టుకుంటాయి, ఇనుపరేకును ఎవరు పట్టుకుంటారు? ఆయన గీసిన మామిడి పిందెల నడిమి చుక్కలన్నీ టపటపా రాలిపోయాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మొన్న ఫిబ్రవరిలో సుప్రజ అనే టీచరమ్మ వచ్చింది. వేంపల్లెలో ఇల్లు కట్టుకుంటోంది. వాళ్లమ్మ మల్లక్క మా ఊళ్లోనే మగ్గం నేసేది, పోయి రెండేళ్లయింది. అమ్మ నేసిన అంచే గేటు మీద రావాలని చీర పట్టుకొచ్చింది. వంకాయ రంగు చీర. అంచు పొడవునా మెడ వెనక్కి తిప్పి, ముక్కుతో రెక్కను తాకే హంసలు.

మహానంది ఫోటో తీసి తెర మీద పెద్దది చేశాడు. ప్రతి హంసకూ మెడ దగ్గర అడ్డంగా సన్నటి ఖాళీ, కోసినట్టుగా. ఒక్క గీతతో కలిపెయ్యమన్నాను. ఆయన మౌస్ మీద నుంచి చేయి తీసేశాడు.

సుప్రజ బయట టీ తాగుతోంది. మహానంది గొంతు తగ్గించి నాకు చెప్పాడు. ముప్పై ఏళ్ల కిందట ఒక అట్టలో నాలుగు చిల్లులు కొట్టడం మరిచాడు. చీర మగ్గం దిగాక శావుకారు ఆ తప్పు పట్టి, మల్లక్కకు చేతిలో పనితనమే లేదని వీధిలో అందరి ముందూ తిట్టి, చీర ఆమె మీదికి విసిరేశాడు. మహానంది అక్కడే నిలబడి ఉన్నాడు. నోరు విప్పితే తన పని పోతుందని భయపడ్డాడు. మర్నాడు ఎవరికీ తెలియకుండా అట్ట మార్చేశాడు.

పాత గొడవ ఇప్పుడెందుకు, కలిపేసి పంపించమని కసిరాను. ఆయన వినలేదు. లేచి వెళ్లి సుప్రజ ముందు నిలబడ్డాడు.

"ఆ తప్పు నాదమ్మా. మీయమ్మది కాదు. ఆ పొద్దు నేను నోరు తెరవలేకపోతిని."

సుప్రజ గ్లాసు కింద పెట్టింది.

"మాయమ్మకు తెలుసు మామా. మగ్గం మీద ఉన్నప్పుడే చూసిందంట. ఆపి చెప్పొచ్చు, చెప్పలా. తప్పున్న చీర శావుకారు తీసుకోడు, ఇంట్లోనే ఉంటాదని. తిట్లు పడినా, కూలి పోయినా సరేలే అనుకునిందంట. అన్నేండ్లు పట్టు నేసి ఆమె కట్టుకున్న పట్టుచీర ఇదొక్కటే."

ఆ ఖాళీని కలపొద్దని కూడా చెప్పింది. నిజానికి కలపకపోవడమే మాకు మేలు. ఆ ఖాళీ దగ్గర రేకు కోతపడదు, మెడ చుట్టలో ఇరుక్కున్న ముక్కకు అదే పట్టు అవుతుంది. నేనది చెప్పబోతే మహానంది వినే స్థితిలో లేడు.

"ఆమె ఎదురొస్తే నేను సందు మారి పోతాంటి," అన్నాడు. "కట్టుకుంటే ఎట్లుండేదమ్మా?"

"శానా బాగుండేది మామా. ఎవరడిగినా, మహానంది గీసిన అంచు అని చెప్పేది."

ఆయన తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ పూట నేను పని గురించి అడగలేదు.