నాలుగో కౌంటరు, ఫ్రీ ఉప్పు

నలభై ఏడేళ్ల వయసులో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. అంతకుముందు ఎవరూ ఇవ్వలేదని కాదు, నేనే అడగలేదు. రాజమండ్రిలో మా వీధి చివర కొత్తగా లేచిన మూడంతస్తుల సూపర్ మార్కెట్ అద్దానికి ఒకరోజు కాగితం అంటించారు: "క్యాషియర్లు కావలెను. అనుభవం అక్కర్లేదు." నా అనుభవం అక్కర్లేదనే చోటు ఈ భూప్రపంచంలో ఒకటుందని తెలిశాక ఇంకా ఇంట్లో కూర్చోవడం మర్యాద కాదనిపించి, చేతిలో కరివేపాకు కట్ట ఉండగానే లోపలికెళ్లాను.

మేనేజరుకి ముప్పై ఏళ్లుంటాయి. మెడలో టై ఎంత బిగించుకున్నాడంటే మాట బయటికి రావాలంటే దాన్ని పర్మిషన్ అడగాలి.

"కంప్యూటర్ అలవాటుందా అండి?"

"ఆయ్, ఉందండి. మా ఇంట్లోది రోజూ నేనే తుడుస్తాను."

ఆయన నా చేతిలోని కరివేపాకు వంక చూసి, వారం రోజులు ట్రయల్ అన్నాడు. వారం సవ్యంగా గడిస్తే అపాయింట్‌మెంట్ లెటరు. ఏ రూలు తప్పినా, ఇంటికి.

ఇంట్లో ఈ వార్త చెప్పినప్పుడు మా వదినగారు కూడా అక్కడే ఉన్నారు. వదినగారంటే మా ఆయన అక్క. రెండిళ్ల అవతల ఉంటారు. ఆవిడకీ నాకూ ఇరవైనాలుగేళ్లుగా నడుస్తున్న గొడవలను వరసగా పేరిస్తే గోదావరికి ఇంకో బ్రిడ్జి కట్టొచ్చు. వాటన్నిట్లోకీ పెద్దది ఆవకాయ జాడీ మూత. ఆ మూత నా దగ్గరుందని ఆవిడ, లేదని నేను.

"నిలబడి చెయ్యాలంట కదే, నీ మోకాళ్లు వారం ఆగుతాయా?" అన్నారు వదినగారు.

"ఆగుతాయండీ."

"ఆగితే నేనే మీ షాపుకొచ్చి, పదిమందిలో 'ఈవిడ మా మరదలు, ఉద్యోగస్తురాలు' అని చెప్తాను. ఆగకపోతే మాత్రం ఈ జన్మలో నువ్వు నాకు ఎదురు చెప్పకూడదు. మూత విషయంలో కూడాను."

మా ఆయన పేపరు వెనకాల నుంచి, "ఆలోచించుకోవే, పెద్ద పందెం," అన్నారు. నేను ఆలోచించలేదు. సరేనన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జీతం పోతే పోయింది. ఎదురు చెప్పే హక్కు పోతే ఇక నాకు మిగిలేదేముంది?

ముందు మూడు రోజులూ బాగానే గడిచాయి. నీలం కోటు తొడిగి నాలుగో కౌంటరులో నిలబెట్టారు. స్కానరు చేతికిచ్చారు. దాన్ని మొదటిసారి పట్టుకున్నప్పుడు నాకు సరిహద్దుల్లో కాపలా ఉన్నట్టే అనిపించింది, ఎదురుగా ఉన్నది గోధుమపిండే అయినా. ఒకాయన ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చాడు. దాని మీద గీతల ముద్ర ఎక్కడుందో తెలియక నేను ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పుతుంటే, ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ తండ్రిలా ఆయన చెమటలు కక్కాడు. అయినా ఒక్క రేకూ విరగలేదు. నాకు తెలిసినంతవరకు.

కంపెనీ వాళ్లకు రూల్సు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది, కస్టమరుకి ఏదిచ్చినా రెండు చేతులతో, నవ్వుతూ, చేతికే అందించాలి. బల్ల మీద పడెయ్యకూడదు. పైన కెమెరా చూస్తూంటుంది.

నాలుగో రోజు పొద్దున హెడ్డాఫీసు నుంచి ఆఫరు దిగింది. ఏడొందలు దాటిన ప్రతి బిల్లుకీ కిలో ఉప్పు ప్యాకెట్టు ఫ్రీ. అది కూడా రూలు ప్రకారం క్యాషియరే నవ్వుతూ చేతికివ్వాలట.

నేను చదివి ఊరుకున్నాను. ఆ క్షణంలో నాకు తట్టలేదు.

మొదటి బిల్లు ఒక పెద్దావిడది. ఉప్పు ప్యాకెట్టు రెండు చేతులతో పట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వి, ముందుకు చాచాను. ఆవిడ తాచుపామును చూసినట్టు మూడడుగులు వెనక్కి వేసింది.

"అమ్మో, చేతికివ్వకమ్మా! ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయి. ఇప్పుడేగా మనకి పరిచయమైంది, ఇంతలోనే ఎందుకు?"

అప్పుడు తట్టింది. మా ఇళ్లల్లో ఉప్పు ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి వెళ్లదు. కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. నేనూ పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఆయనకి కూడా చేతికిచ్చిన పాపాన పోలేదు.

"బల్ల మీద పెట్టకూడదండి, రూలు," అన్నాను.

"అయితే నేల మీద పెట్టు."

"తినే వస్తువు నేల మీద పెట్టకూడదండి. అదీ రూలే."

వెనకాల క్యూ పెరిగింది. పప్పుల వరస దాటి, సబ్బుల వరస దాటి, చీపుళ్ల దగ్గర మలుపు తిరిగింది. క్యూలో చర్చ మొదలైంది. సంచిలో వేస్తే చేతికిచ్చినట్టా కాదా? సంచి చేతిలో ఉంది కాబట్టి ఇచ్చినట్టేనని ఒక రిటైర్డ్ గుమాస్తా తీర్పు చెప్పాడు. సంచి భుజానికి ఉంటే ఫర్వాలేదని వెనకనుంచి ఎవరో అప్పీలు చేశారు.

ఒక టీచరమ్మ ముందుకొచ్చారు. "మేము చర్చికెళ్లేవాళ్లమండి. మాకలాంటి పట్టింపులేం లేవు," అన్నారు ధైర్యంగా. హమ్మయ్య అనుకుని నేను ప్యాకెట్టు చాచాను. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "అయినా అలా ఎక్కడైనా పెట్టెయ్యండి, నేను తీసుకుంటాను," అన్నారు.

సాయంత్రానికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. బల్ల పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు, దాని మీద స్టీలు పళ్లెం. నేను పళ్లెంలో పెడతాను, వాళ్లు పళ్లెంలోంచి తీసుకుంటారు. అది బల్ల కాదు, నేలా కాదు. క్యూ వరద కాలవలా కదిలింది. ఆరో రోజుకి మిగతా మూడు కౌంటర్ల వాళ్లూ ఇళ్లనుంచి పళ్లేలు తెచ్చుకున్నారు. మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఎందుకంటే తన ఇంటి సరుకులు బిల్లు చేయించుకున్నప్పుడు ఆయనా, "అక్కడ పెట్టండి మేడమ్," అన్నాడు.

ఏడో రోజు మధ్యాహ్నం హెడ్డాఫీసు ఆయన దిగాడు. ఉప్పు సంగతి తెలియని ఏదో ఊరి మనిషి. చేతిలో ట్యాబు, ముఖంలో అసంతృప్తి. తిన్నగా నా స్టూలు దగ్గరికొచ్చి ఆగాడు. మా పళ్లేనికి మూడు రోజుల్లో ప్రజల్లో ఎంత గౌరవం ఏర్పడిందంటే, అందులో ఎవరో ఒక బంతిపువ్వు పెట్టారు. ఇంకెవరో రూపాయి బిళ్ల వేశారు.

"ఏంటిది, షాపా, గుడా?"

మేనేజరు టై ఇంకాస్త బిగుసుకుంది. "కాదండి, ఉప్పు..."

"తీసెయ్యండి. ఆవిడ ఇప్పుడు వచ్చే కస్టమరుకి రూలు ప్రకారం చేతికివ్వాలి. ఇవ్వకపోతే ట్రయల్ ఇక్కడితో ఆపెయ్యండి."

స్టూలు వెళ్లిపోయింది. పళ్లెం వెళ్లిపోయింది. నేను తలెత్తి చూశాను. వచ్చే కస్టమరు మా వదినగారు.

మినప్పప్పు, కొబ్బరినూనె, సబ్బులు, అగరుబత్తీలు. ఒక్కొక్కటీ బీప్ బీప్‌మంటుంటే నా ఉద్యోగానికి గంటలు కొడుతున్నట్టే ఉంది. ఏడొందలు దాటకూడదని మనసులో మొక్కుకున్నాను. ఏడొందల నాలుగు అయింది.

ఉప్పు ప్యాకెట్టు రెండు చేతులతో పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు చూసి ఒక చంటిపిల్ల ఏడ్చింది. క్యూ అంతా మెడలు చాచింది. వదినగారు ప్యాకెట్టు వంక చూశారు, టై వంక చూశారు, ట్యాబు వంక చూశారు.

"నేను పుచ్చుకోకపోతే ఏమవుద్దంట?"

"ఈవిడకి ఉద్యోగం ఉండదండి," అన్నాడు మేనేజరు, మెల్లిగా.

అంటే ఆవిడ ఒక్క మాట, "కింద పెట్టవే" అంటే చాలు. నేను జన్మంతా నోరు మూసుకుని బతకాలి. ఇరవైనాలుగేళ్లుగా ఆవిడ ఎదురు చూసిన గెలుపు, కిలో ప్యాకెట్టులో, ఫ్రీగా.

వదినగారు సంచి బల్ల మీద పెట్టి రెండు అరచేతులూ చాచారు.

"ఇలా ఇయ్యి."

"వదినగారూ, ఉప్పండీ..."

"కనపడతానే ఉందిలే. ఉన్నవి కాక మనకి కొత్తగా వచ్చే గొడవలేంటే?"

ఇచ్చాను. ఈ వాదనలోని బలానికి క్యూ మొత్తం తలూపింది. ఆవిడ వెనక్కి తిరిగి, జబ్బు పేరు చెబుతున్న డాక్టరులా, "ఈవిడ మా మరదలండి. ఉద్యోగస్తురాలు," అని ప్రకటించారు. తర్వాత నా వైపు వంగి, "నువ్వు ఎదురు చెప్పడం మానేస్తే సాయంత్రాలు నాకేం తోస్తుందే?" అని గొణిగి వెళ్లిపోయారు.

హెడ్డాఫీసు ఆయన, "చూశారా, ఇవ్వొచ్చు," అంటూ ప్యాకెట్టు తనే తీసి తర్వాతి ఆయన ముందు చాచాడు.

"మీకూ నాకూ ఇంకా ఏ గొడవా లేదు కదండి," అని ఆయన వినయంగా చేతులు కట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకో నలుగురు కూడా అంతే. అయిదో ఆయన తప్పుకున్నాక హెడ్డాఫీసు ఆయన ట్యాబులో చాలాసేపు ఏదో రాసుకుని, స్టూలును "గిఫ్ట్ స్టాండు" పేరుతో మంజూరు చేశాడు. బంతిపువ్వు మాత్రం వద్దన్నాడు. అయిదింటికి నా చేతికి లెటరు వచ్చింది.

ఇంటికెళ్లి దాన్ని మా ఆయనకి చూపిస్తుండగానే వదినగారు వచ్చారు. మంచినీళ్లు తాగుదామని వంటింట్లోకి వెళ్లి, అక్కడే ఆగిపోయారు. వారం రోజుల హడావుడిలో దాచడం మర్చిపోయాను. జాడీ మూత మా నీళ్ల బిందె మీద తళతళలాడుతోంది.

"ఒసేయ్! ఇదేంటే?"

అంతా ఆ ఉప్పు మహిమే. అయితే అప్పటికి నా దగ్గర లెటరు ఉంది. దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, కౌంటరు దగ్గర నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, "అది మా మూతేనండీ," అన్నాను.